దానిమ్మకు సహజ పూతలు: శీతల గిడ్డంగిలో 8 వారాల పరీక్ష

దానిమ్మ కాయను చేతిలోకి తీసుకుంటే దాని తొక్క గట్టి డిప్పలా తోస్తుంది. అంత మందమైన కవచమున్న కాయకు పైనుంచి మరో పూత ఎందుకన్న సందేహం నాకు చాలాకాలం ఉండేది. దానికి జవాబు త్రాసు చెప్పింది. కోసిన రోజున తూచి, సంఖ్య వేసి, శీతల గిడ్డంగిలో పెట్టిన కాయను రెండు వారాల తరువాత మళ్ళీ తూచినప్పుడు ముల్లు వెనక్కి జరిగింది. నెల దాటాక ఇంకా జరిగింది. ఆ తొక్క నిండా కంటికి ఆనని సూక్ష్మ రంధ్రాలూ సన్నని చీలికలూ ఉంటాయి, వాటిగుండా నీటి ఆవిరి అడ్డూ ఆపూ లేకుండా బయటికి పోతూనే ఉంటుంది. తరుగు సుమారు 5 శాతానికి చేరేసరికి తొక్క బిగువు సడలి, నున్నగా గుండ్రంగా ఉన్న కాయ కాస్తా పలకలు తేలి కనిపిస్తుంది. లోపలి గింజలు ఇంకా రసంతో నిండుగానే ఉన్నా, కొనేవారు దానిని పాత కాయ అనుకుని పక్కన పెట్టేస్తారు.

ఈ తరుగును అరికడతాయని చెప్పి అమ్ముతున్న రెండు సహజ పూతలను తెచ్చి, 8 వారాలపాటు పరీక్షించాను. మొదటిది నీటిలో కలుపుకొనే కైటోసాన్ పొడి, దానితోపాటు వచ్చే ఆమ్లపు పొట్లం. రెండోది సీసాలో సిద్ధంగా వచ్చే కార్నౌబా మైనపు ద్రవం. తయారీదారుల పేర్లు రాయడం లేదు, ఎందుకంటే ఇక్కడ చెప్పబోయే గుణదోషాలలో అధికభాగం ఆ పదార్థాలకు చెందినవే తప్ప ఆ డబ్బాలకు చెందినవి కావు. నా తీర్పు ముందుగానే చెబుతాను: తరుగు తగ్గించడానికి మైనం మేలు, బూజును నిలువరించడానికి కైటోసాన్ మేలు, చలి దెబ్బ నుంచి కాయను పూర్తిగా కాపాడే శక్తి మాత్రం ఈ రెండింటికీ లేదు. లేబుళ్ళు మాత్రం మూడు పనులనూ ఒకే వాక్యంలో వాగ్దానం చేస్తున్నాయి.

పరీక్షకు ఒకే రోజు ఒకే తోటలో కోసిన కాయలను తీసుకున్నాను. తొడిమను లాగి పీకకుండా కత్తెరతో కాయకు దగ్గరగా కత్తిరించినవాటినే ఎంచాను; పగుళ్ళున్నవి, ఎండదెబ్బకు కమిలినవి, పురుగు తొలిచినవి తీసేశాను. ఈ వడపోత చిన్న విషయంలా కనిపించవచ్చు గాని, ఏ పూతైనా ఉన్న స్థితిని నిలబెట్టగలదే తప్ప లేని ఆరోగ్యాన్ని తెచ్చిపెట్టలేదు. మూడు క్రేట్లు సిద్ధం చేశాను: ఒకటి పూత లేనిది, ఒకటి కైటోసాన్‌ది, ఒకటి మైనానిది. మూడింటినీ ఒకే వరుసలో, చల్లగాలి నేరుగా తగలని చోట, సుమారు 6 డిగ్రీల సెల్సియస్‌లో, గాలిలో తేమ 90 నుంచి 95 శాతం ఉండేలా పెట్టాను. ఈ తేమ అంకెను తేలికగా తీసుకోకూడదు. గది చల్లగా ఉన్నంత మాత్రాన కాయ ఎండదని అనుకోవడం పొరపాటు. శీతలీకరణ యంత్రం తిరిగే ప్రతిసారీ గాలిలోని తేమ చల్లని గొట్టాలమీద నీరుగానో మంచుగానో పేరుకుంటుంది, ఎండిన ఆ గాలి తనకు కావలసిన తేమను కాయల నుంచి పీల్చుకుంటుంది.

ఇక కైటోసాన్ పొడితో నా అనుభవం. రొయ్యలు, పీతల పెంకుల్లో ఉండే కైటిన్ అనే పదార్థాన్ని క్షారంతో శుద్ధిచేస్తే కైటోసాన్ వస్తుంది. ఇది మామూలు నీటిలో కరగదు. పలచని ఆమ్లం, సాధారణంగా 1 శాతం ఎసిటిక్ ఆమ్లం కలిపిన నీరు కావాలి. లేబుల్ మీద "కలపండి, ముంచండి, ఆరబెట్టండి" అని మూడే మాటలున్నాయి. మొదటిసారి పొడినంతా ఒకేసారి నీటిలో పోసి కలిపాను. నిమిషంలో పైన తెల్లగా, లోపల పొడిగా ఉండే ఉండలు కట్టాయి, ఎంత గిలకొట్టినా అవి విడలేదు. రెండోసారి నీటిని సుడి తిరిగేలా కలుపుతూ, పొడిని చిటికెడు చిటికెడుగా చల్లి, రాత్రంతా వదిలేస్తే తెల్లవారేసరికి లేత పసుపు రంగులో, పలచని గంజిలా తయారైంది. అప్పటికీ అడుగున నలుసులు మిగిలాయి. పలుచని గుడ్డలో వడకట్టక తప్పలేదు. వడకట్టకుండా ముంచిన ఒక కాయమీద ఆ నలుసులు ఆరిపోయాక ఇసుక రేణువుల్లా చేతికి తగిలాయి. గదంతా రెండు రోజులు పచ్చళ్ళ జాడీ మూత తీసినట్టు పుల్లని వాసన వేసింది. కాయమీద మాత్రం ఆరాక వాసన నిలవలేదు, అది నిజం.

మైనపు ద్రవంతో ఈ బాధలేవీ లేవు. కార్నౌబా మైనం బ్రెజిల్ ఈశాన్య ప్రాంతంలో పెరిగే ఒక తాటిజాతి చెట్టు ఆకుల నుంచి వస్తుంది. అది 82 నుంచి 86 డిగ్రీల మధ్య కరిగే గట్టి మైనం, కాబట్టి దానిని కరిగించి నేరుగా కాయలకు పూయడం కుదరదు. అతిసూక్ష్మ బిందువులుగా విడగొట్టి నీటిలో తేలేలా చేసి అమ్ముతారు. సీసాను బాగా ఊపి, చెప్పినంత నీరు కలిపి, మెత్తని స్పాంజితో పూశాను. ఆరిన తరువాత తొక్కకు వచ్చిన మెరుపు నూనె రాసినట్టు జిడ్డుగా కాకుండా, పొడిగుడ్డతో తుడిచినట్టు నిదానంగా ఉంది.

పూత పూయడంలో అసలు చిక్కు దానిమ్మకు కిరీటం ఉండటమే. ఆపిల్‌కైనా నారింజకైనా ఈ బెడద లేదు. దానిమ్మ పువ్వు రాలిపోయినా దాని రక్షకపత్రాలు గట్టిపడి కాయ కొన మీద గిన్నెలా నిలిచిపోతాయి, ఆ గిన్నెలో ఎండిన కేసరాలు కుచ్చులా మిగులుతాయి. కాయను ద్రావణంలో ముంచి తీస్తే ఆ కుచ్చు స్పాంజిలా ద్రవాన్ని పట్టుకుంటుంది. పైతొక్క అరగంటలో ఆరింది గాని, మరుసటి రోజు ఒక కాయ కిరీటంలో అగ్గిపుల్ల పెట్టి చూస్తే పుల్ల కొన తడిసి వచ్చింది. చల్లని, తేమ నిండిన గదిలోకి అలాంటి కాయను పంపడమంటే బూజుకు నీళ్ళు పోసి పెంచినట్టే. అందువల్ల రెండో విడతలో ప్రతి కాయనూ కిరీటం కిందికి ఉండేలా జల్లెడ పళ్ళెంలో బోర్లించి, కింది నుంచి ఫ్యాను గాలి తగిలేలా రెండు గంటలు ఉంచాను. రెండు ఉత్పత్తుల లేబుళ్ళలోనూ కిరీటం ప్రస్తావనే లేదు. ఏ పండుకైనా పనికొస్తుందని రాసుకున్న తయారీదారు ఏ ఒక్క పండునూ దగ్గరగా చూడలేదని ఇక్కడే తెలిసిపోతుంది.

మొదటి రెండు వారాల్లో మూడు క్రేట్ల మధ్య కంటికి తేడా కనబడలేదు. నాలుగో వారంలో పూత లేని కాయల భుజాల దగ్గర, అంటే తొడిమ చుట్టూ, సన్నని గీతల్లాంటి ముడతలు మొదలయ్యాయి. ఎనిమిదో వారానికి ఆ క్రేటులోని కాయలు చాలావరకు పలకలు తేలాయి. బొటనవేలితో నొక్కితే తొక్క తోలులా లోపలికి వంగి, నెమ్మదిగా తిరిగి లేచింది. మైనపు కాయలు అన్నింటికన్నా నిండుగా ఉన్నాయి, తరుగు కూడా వాటిలోనే తక్కువ. కైటోసాన్ కాయలు ఆ రెండింటికీ నడుమ నిలిచాయి. ఇందులో ఆశ్చర్యపడాల్సినదేమీ లేదు. కైటోసాన్, బంక, సముద్రపు నాచు నుంచి తీసే ఆల్జినేట్ వంటివి నీటిని ఇష్టపడే పదార్థాలు. వాటి పొర ప్రాణవాయువు రాకపోకలను బాగా తగ్గిస్తుంది గాని, తేమ నిండిన గదిలో తానే కొంత నీటిని పీల్చుకుని మెత్తబడి, ఆవిరికి దారి ఇస్తుంది. మైనం నీటిని దూరంగా నెట్టే పదార్థం కాబట్టి ఆవిరిని ఆపడంలో దానిదే పైచేయి. తరుగు ఒక్కటే మీ సమస్య అయితే ఇంతకుమించి ఆలోచించనక్కర లేదు, మైనం కొనండి.

బూజు దగ్గరకు వచ్చేసరికి లెక్క తిరగబడింది. నిల్వలో దానిమ్మను ఎక్కువగా పాడుచేసేది బోట్రైటిస్ అనే శిలీంధ్రం తెచ్చే బూడిదరంగు బూజు. అది చెట్టు పూలు పూసే దశలోనే పువ్వులోకి చేరి, కాయ పెరిగినంతకాలం కిరీటంలో నిద్రాణంగా ఉండి, గిడ్డంగిలో నిద్రలేస్తుంది. సున్నా డిగ్రీల దగ్గర కూడా పెరగగలదు కాబట్టి చలి దానిని నెమ్మదింపజేస్తుందే తప్ప చంపదు. మైనపు క్రేటులో, మొదటి విడతలో కిరీటం సరిగా ఆరని కాయలలో ఒకటి ఐదో వారంలో దొరికింది. కిరీటం అంచున గోధుమరంగు మచ్చ, దాని నడుమ ఎలుక వెంట్రుకల్లాంటి బూడిద నూగు, వేలితో తాకితే దాని కింద తొక్క మెత్తగా దిగబడింది. దానికి ఆనుకుని ఉన్న రెండు కాయలకు కూడా ఆ మచ్చ అంటుకుంది. కైటోసాన్ క్రేటులోనూ తడి కిరీటాల కాయలు ఉన్నాయి గాని, వాటిలో బూజు నూగు నాకు కనబడలేదు. ఒక్క క్రేటును చూసి ఇదే శాస్త్రమని చెప్పను; అయితే కైటోసాన్ అణువుల మీది ధనావేశం శిలీంధ్ర కణాల పొరను దెబ్బతీసి వాటి పెరుగుదలను మందగింపజేస్తుందన్నది బాగా స్థిరపడిన విషయమే, నేను చూసినది దానికి విరుద్ధంగా లేదు. మైనానికి తనంతట తానుగా అలాంటి గుణం లేదు. అది తలుపు మూస్తుంది. లోపల అప్పటికే కూర్చున్నవాడిని బయటికి పంపదు.

లోపల కూర్చున్నవాడి మాట వచ్చింది కాబట్టి మరో సంగతి చెప్పాలి. ఆల్టర్నేరియా వంటి శిలీంధ్రాల వల్ల వచ్చే నల్లకుళ్ళు గింజల గదిలోనే మొదలవుతుంది; తొక్క చివరిదాకా చెక్కుచెదరకుండా ఉంటుంది. ఎనిమిదో వారం చివర కైటోసాన్ క్రేటులోని అందమైన కాయనొకదానిని కోస్తే ఒక పక్క గింజలన్నీ నల్లగా ముద్దకట్టి ఉన్నాయి. దీనికి పూతను నిందించకూడదు. అలాంటి కాయలు ఒక్కోసారి రంగులో కొంచెం తేడాగా, పరిమాణానికి తగిన బరువు లేకుండా ఉంటాయి. కోతనాడే వాటిని ఏరివేయడం తప్ప వేరే ఉపాయం లేదు.

మైనపు ద్రవం లేబుల్ మీద నాకు అభ్యంతరకరంగా తోచిన మాట "ఎంత చలిలోనైనా కాయ భద్రం" అన్నది. దానిని పరీక్షించడానికి మూడు రకాల కాయలనూ కొన్నింటిని విడిగా 3 డిగ్రీలలో పెట్టాను. దానిమ్మ చలికి ఓర్చుకోలేని పండు. 5 డిగ్రీలకన్నా తక్కువలో నెలకు మించి ఉంచితే చలి దెబ్బ తగులుతుంది: తొక్కమీద గోధుమరంగు మరకలు, గుంటలు పడతాయి, గింజలు వెలిసిపోతాయి, గింజల గదులను వేరుచేసే తెల్లని పొరలు గోధుమరంగుకు తిరుగుతాయి. అందుకే రెండు నెలలలోపు నిల్వకు 5 డిగ్రీలు, అంతకు మించితే సుమారు 7 డిగ్రీలు మంచిదని సాగులో అనుభవమున్నవారూ పరిశోధకులూ చెబుతారు. 8 వారాల తరువాత 3 డిగ్రీల కాయలను బయటికి తీసి మూడు రోజులు మామూలు గదిలో ఉంచాను, ఎందుకంటే చలి దెబ్బ అసలు రూపం వెచ్చదనం తగిలాకే బయటపడుతుంది. పూత లేని కాయల తొక్క మరకలతో నిండిపోయింది. మైనపు కాయల తొక్కమీద మరకలు నిజంగానే తక్కువ. ఆ మేరకు లేబుల్‌ను మెచ్చుకోవాలి. కాని కోసి చూస్తే లోపలి పొరలు తెలుపు పోయి, కాగితాన్ని టీలో ముంచి ఆరబెట్టినట్టు ఉన్నాయి. బయట మెరుపు, లోపల మరక. నా దృష్టిలో ఇది పూత లేని కాయకన్నా మోసకరం, ఎందుకంటే పూత లేని కాయ కనీసం తన జబ్బును ముఖంమీద చూపిస్తుంది. మైనం కొన్నాం కదా అని గది ఉష్ణోగ్రతను కిందికి దించాలనుకునేవారు ఒక కాయను కోసి చూసి అప్పుడు నిర్ణయించుకోవాలి.

6 డిగ్రీలలో ఉంచిన కాయల రుచి విషయంలో పెద్దగా చెప్పుకోవలసినది లేదు. దానిమ్మ కోసిన తరువాత పండే కాయ కాదు. చెట్టుమీద ఎంత తీపి పట్టిందో అంతే, గిడ్డంగిలో తీపి పెరగదు. నిల్వలో పులుపు నెమ్మదిగా తగ్గుతుంది, దానితో కాయ చప్పబడినట్టు తోస్తుంది. పూత వేసిన రెండు రకాలలోనూ ఆ చప్పదనం కొంచెం తక్కువగా, గింజల ఎరుపు కొంచెం చిక్కగా ఉన్నట్టు నాకు అనిపించింది; నాలుకనూ కంటినీ నమ్మి చెబుతున్న మాట ఇది, పరికరంతో కొలిచినది కాదు. ఒక్క తేడా మాత్రం స్పష్టంగా తెలిసింది. ఆశకొద్దీ కొన్ని కాయలకు మైనం రెండు పొరలు పూశాను. వాటిని కోసినప్పుడు గింజల నుంచి పులిసిన కల్లు వంటి వాసన లీలగా వచ్చింది. ఊపిరాడని కాయ లోపల ఆల్కహాలు తయారవుతుంది. దానిమ్మ నెమ్మదిగా ఊపిరి పీల్చే పండు గనుక మిగతా పండ్లంత త్వరగా ఈ స్థితికి రాదు, కాని పూత మందమైతే అదీ తప్పించుకోలేదు. రెండో పొర వద్దు.

గిడ్డంగి నుంచి బయటికి తెచ్చిన గంటసేపు కాయలన్నీ చెమర్చాయి. మైనపు కాయలమీద నీరు గుండ్రని బొట్లుగా నిలిచి జారిపోయింది. కైటోసాన్ కాయలమీద నీరు పరుచుకుని, తొక్క కాసేపు కొంచెం బంకగా తగిలింది, ఆరాక మామూలైంది. అదే సమయంలో వాటిని ఒకదానిమీద ఒకటి పేర్చితే వేలిముద్రలు, దుమ్ము అంటుకుంటాయి, కాబట్టి చెమట ఆరేదాకా ముట్టుకోకపోవడం మేలు. లక్కతో చేసిన మెరుపు పూతలు ఇలాంటి తడికి తెల్లగా పాలిపోతాయి. ఆ కారణంగానే లక్క ఉత్పత్తిని ఈ పరీక్షకు తీసుకోలేదు.

కైటోసాన్ తయారీదారు మీద నాకున్న గట్టి ఫిర్యాదు పదార్థం గురించి కాదు, దాపరికం గురించి. డబ్బామీద ఆకు బొమ్మ, పచ్చ రంగు, "సహజ పాలిమర్" అన్న మాట ఉన్నాయి. అది రొయ్యల, పీతల పెంకుల నుంచి వచ్చిందో లేక శిలీంధ్రాల నుంచి తీసినదో ఎక్కడా రాయలేదు. శిలీంధ్రాల నుంచి తీసే కైటోసాన్ కూడా ఉంది, కనుక ఏ రకమో చెప్పడం కష్టమేమీ కాదు. ఉత్తరం రాసి అడిగితే "పూర్తిగా సహజమైనది" అన్న జవాబే మళ్ళీ వచ్చింది. శాకాహారులకూ, రొయ్యలు పడనివారికీ ఇది తెలుసుకోవలసిన విషయం. దానిమ్మ తొక్కను ఎవరూ తినరన్నది నిజమే గాని, కాయను వలిచే వేళ్ళే గింజలనూ తీస్తాయి. మైనపు సీసామీద మాత్రం కార్నౌబాకు ఆహార సంకలిత పదార్థంగా ఉన్న ఇ 903 అన్న సంఖ్యతో సహా అన్ని పదార్థాలనూ ముద్రించారు. ఈ విషయంలో ఆ తయారీదారుకు పూర్తి మార్కులు ఇస్తాను.

పూతకు బదులు క్రేటులో పలుచని ప్లాస్టిక్ సంచిని పరిచి, కాయలను అందులో మూసి పెట్టే పద్ధతి కూడా వాడుకలో ఉంది. తరుగును ఆపడంలో మంచి సంచికి ఏ పూతా సాటిరాదని ఒప్పుకోవాలి. కాకపోతే ఉష్ణోగ్రత కొంచెం అటూ ఇటూ అయినా సంచి లోపల నీరు కమ్మి, ఒక్క బూజు కాయ సంచినంతటినీ చెరుస్తుంది, పైగా ఆ ప్లాస్టిక్‌ను ఏం చేయాలన్న ప్రశ్న మిగులుతుంది. కలబంద గుజ్జును ఇంట్లోనే తీసి పూయవచ్చని చెప్పేవారున్నారు. ఒక్కసారి ప్రయత్నించాను, గుజ్జు రోజు తిరగకుండానే రంగు మారి నురగ కట్టింది, ఆపైన ఆ దారి పట్టలేదు.

రెండు నెలల నిల్వకు, గది 6 డిగ్రీల దగ్గర నిలకడగా ఉండి తరుగే ప్రధాన నష్టమైనవారికి మైనపు ద్రవాన్ని సందేహం లేకుండా సూచిస్తాను: ఒకే పొర, పలచగా, కిరీటం పూర్తిగా ఆరాక. చెట్టు పూలు పూసే దశలో వానలు పడి, కిరీటాల్లో బూజు భయం ఉన్న కాయలకైతే కైటోసాన్‌కు పడే శ్రమ వృథా కాదు, తయారీదారు మూలాన్ని రాసి ఇచ్చే పక్షంలో. ముందు కైటోసాన్, అది ఆరాక దానిమీద పలచగా మైనం పూస్తే రెండు గుణాలూ కలుస్తాయా అన్నది వచ్చే కోతకు నేను చూడదలచుకున్న పని. కల్లు వాసన భయం ఉంది కాబట్టి మైనంలో నీటిపాలు పెంచి చూస్తాను.

కైటోసాన్ కొనేవారికి ఒక మాట. మిగిలిన ద్రావణాన్ని వారం తరువాత వాడుకోవచ్చని దాచి పెట్టాను. ఆమ్లంలో నిల్వ ఉన్నకొద్దీ కైటోసాన్ పొడవాటి అణువుల గొలుసులు తెగి, గంజిలా ఉన్నది నీళ్ళలా పలచబడింది. అందులో ముంచిన కాయమీద పొర నిలవనే లేదు. పెద్ద డబ్బా కొనడం దండగ, ఆనాటి కాయలకు సరిపడా మాత్రమే ముందురాత్రి కలుపుకోండి.